మొదటి సాలు సుబ్బరావమ్మ

చినవేమవరంలో ఎవరినైనా ఆపి సుబ్బరావమ్మ ఇల్లెక్కడని అడిగితే, "ఏ సుబ్బరావమ్మ? మొదటి సాలు సుబ్బరావమ్మా?" అని ఎదురడుగుతారు. ఆవిడ ఇంటిపేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. ఈ పేరు మాత్రం అవతలి ఊళ్ళవాళ్ళకి కూడా తెలుసు. ఇది ఎవరో పిలిచి ఇచ్చిన బిరుదు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళపాటు మిరపచేలో కోతకి దిగిన ప్రతిసారీ గట్టు పక్కన మొదటి సాలు తనే పట్టి, ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళ ముఠాని వెనక నడిపించుకుంటూ చేను ఆ చివరిదాకా పోయి సంపాదించుకున్న పేరు.

ఆవిడ ఘనతలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. పదకొండో ఏట ఐదో తరగతి పుస్తకాలు అటకెక్కించి చేలో దిగింది. పాతికేళ్ళకి మేస్త్రి అయింది. అప్పటికి ఈ చుట్టుపక్కల ఆడమేస్త్రి అన్నమాట ఎవరూ విని ఉండలేదు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పిన ఏడు, ఆరెకరాల పండుకాయ ఒకటిన్నర రోజులో కోయించి, చినుకు పడేలోపల పట్టాల కిందకి చేర్పించింది. చేలో పాము కరిచిన మనిషిని నులకమంచం మీద వేసి రోడ్డుదాకా మోసుకెళ్ళినప్పుడు, మంచానికి ఒక కోడు ఆవిడ భుజం మీదే ఉంది. పుట్టిన ఊళ్ళో కాదు, మెట్టిన ఊళ్ళో ఇంత పేరు తెచ్చుకోవడం చిన్న సంగతి కాదు. కానీ అన్నిటికన్నా పెద్ద పని ఆవిడ యాభై ఆరో ఏట చేసింది. అది కూడా చాలావరకు వెల్లకిలా పడుకుని చేసింది. చెప్పవలసింది ఆ సంగతే.

ముందు ఆ ముఠా కట్టుబాటు తెలియాలి. సాలు మొదలుపెట్టిన మనిషి ఆ చివరికి చేరేదాకా నడుం ఎత్తకూడదు. మేస్త్రి నడుం ఎత్తితేనే వెనకవాళ్ళు ఎత్తాలి. మేస్త్రి ఎత్తేది సాలు చివరే. మధ్యలో ఎవరైనా ఒక్క నిమిషం నిటారుగా నిలబడ్డారా, "ఏమే, చేను కొలుస్తున్నావా?" అని పక్క సాలులోంచి ఎత్తిపొడుపు వచ్చేది. ఆ మాట పడినవాళ్ళు సాయంత్రందాకా తల ఎత్తేవాళ్ళు కాదు. ఈ కట్టుబాటు పెట్టింది సుబ్బరావమ్మే. దానివల్లే ఆ ముఠా అంటే రైతులకి అంత గురి. మిరప పండిందంటే ముందు వీళ్ళకే కబురు వచ్చేది.

ఆ నడుమే పోయిన ఏప్రిల్లో ఆవిడ మాట వినలేదు. కల్లంలో కాయల తొడిమలు తీస్తూ పొద్దున్నించీ కూర్చున్న మనిషి, మధ్యాహ్నం అన్నానికి లేవబోయి లేవలేకపోయింది. ఐదేళ్ళుగా నొప్పి ఉంది. తైలం రాసుకుని, మందుల షాపులో బిళ్ళలు తెచ్చుకుని ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చింది. ఆ రోజు మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని, కాయల గోతాన్ని లేపినట్టు లేపారు. గుంటూరు తీసుకెళ్తే ఫోటోలు తీశారు. నడుం దగ్గర రెండు డిస్కులు అరిగాయన్నారు. బెల్టు ఇచ్చారు. కొన్నాళ్ళు వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆవిడ అడగలేదు. ఆర్నెల్లు బెల్టు పెట్టుకుని మంచానికీ అరుగుకీ మధ్య తిరిగింది. పత్తి తీతకి ముఠా ఆవిడ లేకుండానే వెళ్ళింది. తన వాకిట్లోంచే నడిచి వెళ్తున్నవాళ్ళని చూడలేక ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకునేది.

దసరా వెళ్ళిన నాలుగో రోజున కోటిలింగం వచ్చాడు. ఏడెకరాల మిరప వేసే రైతు. ఆవిడ మేస్త్రి అయిన మొదటి ఏడు, కోటిలింగం వాళ్ళ నాన్న చేలోనే మొదటి సాలు పట్టింది. అరుగు మీద కూర్చుని కాసేపు పురుగుమందుల సంగతి మాట్లాడి, చివరికి అసలు సంగతిలోకి వచ్చాడు.

"అక్కా, ఈసారి మొదటి సాలు శిల్పకి ఇద్దాం. నువ్వు గట్టుమీద కుర్చీ వేసుకుని అజమాయిషీ చెయ్యి."

శిల్ప ముఠాలో రెండో సాలు మనిషి. ముప్పై రెండేళ్ళది. చెయ్యి మంచి చురుకు. సుబ్బరావమ్మే పని నేర్పింది. కాదనడానికి ఆ పిల్లలో లోపం లేదు.

"గట్టుమీద కూర్చోడానికి నేనేమన్నా దిష్టిబొమ్మనా కోటిలింగం?" అంది సుబ్బరావమ్మ. "మొదటి కోత ఎప్పుడు?"

"జనవరి ఆఖరు వారం."

"ఆ రోజు నేను సాలు పట్టలేకపోతే, శిల్ప చేతికి గంప నేనే ఇస్తా. అప్పటిదాకా ఈ మాట ఎత్తబాకు."

కోటిలింగం సరేనని లేచాడు. ఆయన వెళ్ళాక ఆవిడ మొగుడు బుల్లయ్య పెరట్లోంచి వచ్చి, "మంచం మీంచి లేవడానికి నా భుజం కావాలి. సాలు ఎట్టా పడతావే?" అన్నాడు. ఆవిడ గోడ పట్టుకుని లోపలికి నడిచింది.

ఆ వారమే జ్యోతిర్మయి ఊళ్ళోకి వచ్చింది. ఫిజియోథెరపీ చదివిన పిల్ల, పాతికేళ్ళకి మించి ఉండవు. ఊళ్ళో అందరికీ మాత్రం డాక్టరమ్మే. ఏళ్ళ తరబడి నడుం నొప్పితో ఉన్న ఆడవాళ్ళందరినీ ఒకచోట చేర్చి వ్యాయామం చేయిస్తానంది. మంగళ, శుక్రవారాలు వస్తానంది. కోటిలింగం సిమెంటు కల్లం కాయ వచ్చేదాకా ఖాళీయే కాబట్టి అక్కడే అనుకున్నారు. మొదటిరోజు ముప్పై ఒక్క మంది వచ్చారు. అందులో ముఠావాళ్ళే ఇరవై మంది పైగా ఉన్నారు. సుబ్బరావమ్మ బెల్టు బిగించుకుని, ఫోటోల కవరు చంకలో పెట్టుకుని వెళ్ళింది.

మొదటిరోజే పెద్ద పొరపాటు జరిగింది. చాపలు లేవు, పట్టాలు పరవండని డాక్టరమ్మ అంటే, మనవాళ్ళు పోయినేడు కాయలు ఎండబోసిన పట్టాలే తెచ్చి దులపకుండా పరిచారు. ముప్పై మంది ఒక్కసారిగా వాటిమీద పడుకునేసరికి మడతల్లో ఉన్న మిరప దుమ్మంతా లేచింది. తుమ్ములు, దగ్గులు, కళ్ళ మంటలు. డాక్టరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని స్కూటీ దగ్గరికి పరుగెత్తింది. పిట్టగోడ మీద కూర్చుని చూస్తున్న బుల్లయ్య, "నొప్పి ఏమోగానీ జలుబులు మాత్రం వదిలినయ్" అన్నాడు. ఆ రోజుకి వ్యాయామం అంతే. పట్టాలు కాలవలో ఉతికి, ఎండలో ఆరేసి, శుక్రవారం మళ్ళీ మొదలుపెట్టారు.

డాక్టరమ్మ ఒక పెద్ద అట్ట మీద అందరి పేర్లూ రాసింది. ఒక్కొక్కరినీ రెండు ప్రశ్నలు అడిగింది. పేరమ్మ వంతు వచ్చింది. ఆమెకి అరవై ఎనిమిదేళ్ళు. కొడవలిలాగా ముందుకి వంగిపోయి, నేల చూస్తూ నడిచే మనిషి.

"నొప్పి ఎప్పటినుంచి అమ్మమ్మా?"

"మా ఆయన బతికున్నప్పట్నించి."

"ఆయన పోయి ఎన్నాళ్ళయింది?"

"పద్దెనిమిదేళ్ళు. ఆయన పోయాడుగానీ ఇది పోలా."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకుని రెండో ప్రశ్న అడిగింది. "నడుం బాగుంటే ఏం చెయ్యాలని ఉంది?"

పేరమ్మ వెంటనే చెప్పింది. "వెల్లకిలా పడుకోవాలి. పదకొండేళ్ళయింది."

శిల్ప, బోరు దగ్గర నిండు బిందె ఎవరి సాయం లేకుండా ఎత్తుకోవాలంది. సుబ్బరావమ్మ రెండు మాటల్లో ముగించింది. "మొదటి సాలు."

డాక్టరమ్మకి అర్థం కాకపోయినా ఆమె పేరు పక్కన ఆ రెండు మాటలే రాసింది. తర్వాత కవరులోంచి ఫోటో తీసి ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"అరిగిన మాట నిజమే పెద్దమ్మా. మీ వయసులో నొప్పి లేనివాళ్ళకి తీసినా చాలామందికి ఇలాగే ఉంటుంది. అరిగితే విరిగినట్టు కాదు."

"మరి వంగొద్దన్నారే."

"నొప్పి బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో చెప్పిన మాట అది. ఆర్నెల్లు కదలకపోతే కండరం పని మరిచిపోతుంది. దానికి మళ్ళీ పని నేర్పుదాం." ఆ పిల్ల సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి, ఆవిడ అరచేతిని ఆవిడ నడుం మీదే పెట్టింది. "ఇప్పుడు కుడికాలు కొంచెం ఎత్తండి."

సుబ్బరావమ్మ కాలు ఎత్తింది. అరచేతి కింద ఏదో కదిలింది. వెన్ను పక్కన, పలుపుతాడంత లావున, బిగుసుకుని వదులైంది. ఆవిడ మళ్ళీ కాలు ఎత్తింది. మళ్ళీ కదిలింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే తనని సాలు చివరికి లాక్కుపోయిందన్న మాట. దీన్ని ఒక్కసారి కూడా తాకి చూడలేదు. తైలం రాసేటప్పుడు కూడా నొప్పినే వెతికిందిగానీ, నొప్పి కింద ఇంత బలం పడి ఉందని అనుకోలేదు. కల్లంలో లేవలేకపోయిన ఆ మధ్యాహ్నం తర్వాత ఆవిడకి మొదటిసారి ఒళ్ళు జలదరించింది, భయంతో కాదు.

వ్యాయామాలు నాలుగైదే. వాటికి మనవాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి నడుం పైకి లేపితే అది తూము. దాని కిందనించి కాలవ పారొచ్చు. చేతులూ మోకాళ్ళూ ఆనించి ఒక చెయ్యి ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపితే లేగదూడ. వీపు పైకి వంచి కిందకి దించితే పిల్లి. మూడోవారానికి డాక్టరమ్మ కూడా "ఇప్పుడు తూము పెద్దమ్మా" అనడం మొదలుపెట్టింది. ముప్పై మంది ఒక్కసారి తూము ఎత్తినప్పుడు పిట్టగోడ మీద బుల్లయ్య వక్క నమలడం ఆపేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నాడు, "ఇన్నేళ్ళూ పొలంలో మీ వీపులే చూశా. ఇంతమంది మొహాలు పైకి పెట్టుకోడం ఇవాళే చూశానే."

అంతా బాగానే నడుస్తుండగా సుబ్బరావమ్మ తప్పు చేసింది. అది ఆవిడ మాత్రమే చేయగల తప్పు.

డాక్టరమ్మ రాని రోజుల్లో మీరే చేసుకోండి, ఒక్కొక్కటి ఎనిమిదిసార్లు, నొప్పి రేగితే ఆపండి అని చెప్పింది. నవంబరు వచ్చింది. జనవరి ఎంతో దూరం లేదు. ఎనిమిదిసార్లతో ఏమవుతుందని సుబ్బరావమ్మ లోపల్లోపల కొట్టుకుంది. ఎనిమిది కాయలు కోసి సాలు అయిందనే కూలిమనిషిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఒక శనివారం పొద్దున అందరికన్నా ముందు తను పడుకుని, "ఇవాళ తూము నలభై" అంది.

ఎవరూ ఎందుకని అడగలేదు. ముఠాలో నిలబడే వరసలోనే పట్టాలు పరుచుకున్నారు. ముందు సుబ్బరావమ్మ, ఆ పక్క వెనగ్గా శిల్ప, తర్వాత మిగతావాళ్ళు. చేలో కట్టుబాటు ఎవరూ పిలవకుండానే కల్లంలోకి వచ్చి కూర్చుంది. మేస్త్రి ఆపేదాకా ఎవరూ ఆపరు.

ఆరోసారికి సుబ్బరావమ్మకి నడుం ఎడమవైపు కలుక్కుమంది. ఆపలేదు. ఇరవై దగ్గర కళ్ళముందు చుక్కలు కనిపించాయి. ఆపలేదు. ముప్పై మూడో దాని దగ్గర వెనకనించి సన్నగా "అమ్మా" అని వినిపించింది. అది శిల్ప గొంతని తెలిసింది. తెలిసి కూడా మిగతా ఏడూ పూర్తిచేసింది. ఆ తర్వాత తిరిగి చూస్తే, శిల్ప మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పక్కకి ఒరిగి ఉంది. చెంపకింద పట్టా తడిసింది.

ఆ పిల్లని ఆటోలో ఇంటికి తీసుకెళ్ళారు. వారంరోజులు మంచం దిగలేదు. సుబ్బరావమ్మకీ నడుం పట్టేసి బుల్లయ్య భుజం మళ్ళీ అవసరమైంది. నొప్పికన్నా పెద్దదెబ్బ పాలకేంద్రం దగ్గర తగిలింది. క్యూలో తనకి ముందున్న ఇద్దరు, వెనక ఎవరున్నారో చూసుకోకుండా మాట్లాడుకుంటున్నారు. "తన సాలు పోద్దని ఆ పిల్ల నడుం విరగ్గొట్టిందంట." సుబ్బరావమ్మ ఖాళీ గిన్నెతోనే తిరిగివచ్చింది.

మంగళవారం కల్లానికి ఆరుగురే వచ్చారు. డాక్టరమ్మ జరిగింది విని, కోప్పడకుండా, గట్టు అవతల కోటిలింగం చేలోకి చూపించింది. "నారు నాటిన వారం ఆ మొక్కకి ఎన్ని నీళ్ళు పెడతారు పెద్దమ్మా?"

"కొంచెమే. వేరు పట్టాక ఎక్కువ."

"తొందరగా కాయాలని మొదటిరోజే మడినిండా పెడితే?"

సుబ్బరావమ్మ ఆ మొక్కల వైపే చూసింది. జవాబు ఆవిడకి తెలుసు. ఆ పిల్ల పుట్టకముందు ఇరవై ఏళ్ళనించీ మిరపలో ఉన్న మనిషి.

ఆ మధ్యాహ్నమే ఆవిడ శిల్ప ఇంటికి నడిచివెళ్ళింది. మూడు వీధులు. మధ్యలో రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగింది. శిల్ప మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది.

"రా అత్తా. కూర్చో. కూర్చోగలవా?"

"నీ ఎకసెక్కాలు తర్వాతే." సుబ్బరావమ్మ మంచం పట్టె మీద మెల్లగా ఆనుకుంది. "ఎన్నోదాని దగ్గర ఆపాలనిపించిందే నీకు?"

"పదో దాని దగ్గర."

"ఆపొచ్చుగా."

"నువ్వు ఆపలా."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెప్పడానికి సుబ్బరావమ్మ గొంతు సవరించుకుంది. "నాకు ఆరోదాని దగ్గరే పట్టేసింది."

శిల్ప తల ఎత్తి చూసింది. "మరెందుకు చేశావ్?"

"మీరందరూ వెనకున్నారుగా."

శిల్పకి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, నొప్పి పుడితే ఇంకా నవ్వు. నడుం పట్టుకుని, "నీకోసం నేను, నాకోసం నువ్వు. ఇద్దరం చచ్చాం గదత్తా" అంది.

"ఊళ్ళో ఏమంటున్నారో విన్నావా?"

"మొదట అన్నది మా ఇంట్లోనే. మా అత్త."

"నువ్వేమన్నావు?"

"అంత తెలివి ఉంటే సుబ్బరావమ్మత్త ఈపాటికి సర్పంచి అయ్యేది అన్నా."

సుబ్బరావమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యేసి నిమిరింది. ఒక్కమాట మాత్రం అడిగింది. "నువ్వు లేచాక మళ్ళీ వస్తావా కల్లానికి?"

"నువ్వు ముందు ఆపితే వస్తా."

తర్వాత వారం సుబ్బరావమ్మ కోతకి పిలిచినట్టే ఇంటింటికీ వెళ్ళి పిలిచింది. కొందరు మొహంమీదే పనుందన్నారు. అయినా శుక్రవారానికి ఇరవై రెండుమంది వచ్చారు. శిల్ప వచ్చింది. గుమ్మడికాయంత మొహం పెట్టుకుని వాళ్ళ అత్త కూడా కాపలాకి వచ్చింది. డాక్టరమ్మ ఒక పక్కన నిలబడి చేతులు కట్టుకుంది.

"తూము" అంది సుబ్బరావమ్మ. ఒకటి, రెండు, మూడు. నాలుగు సుఖంగానే ఉంది. ఐదు. ఆరోది ఎత్తేసరికి ఎడమవైపు బిగిసింది. కలుక్కుమనలేదు, ముందుగా హెచ్చరించింది అంతే. వెనక ఇరవై రెండుమంది ఊపిరి ఆవిడకి వినిపిస్తోంది. పాముకరిచిన మనిషి మంచం భుజాన పెట్టుకుని నడిచిన రోజు ఇంత బరువు అనిపించలేదు. ఆవిడ నడుం మెల్లగా కిందకి దించింది. పక్కకి తిరిగి, చెయ్యి ఆనించి, లేచి కూర్చుంది.

"నాకు చాలు" అంది.

గాల్లోకి లేచిన నడుములు లేచినట్టే ఉన్నాయి. అప్పుడు మూలనుంచి పేరమ్మ గొంతు వచ్చింది.

"నాకు నాలుక్కే చాలయిందే. నువ్వేమంటావోనని కళ్ళు మూసుకుని చచ్చినట్టు పడుకున్నా."

ముందు శిల్ప నవ్వింది. తర్వాత అందరూ. తూములన్నీ ఒక్కసారి కూలిపోయాయి. శిల్ప అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజునించీ ఎవరికి చాలనిపిస్తే వాళ్ళు "నాకు చాలు" అని పైకి చెప్పి ఆపాలని సుబ్బరావమ్మ కొత్త కట్టుబాటు పెట్టింది. చెప్పకుండా ఓర్చుకున్నవాళ్ళకి ఆ పూట అందరి పట్టాలూ మడతపెట్టే శిక్ష.

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్ళు చెప్పుకుంటూనే ఉంటారు. ఎనిమిది పదయింది, పది పన్నెండయింది, వారానికి ఒకటీ అరా తప్ప పెరగలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, తగ్గించాకే పని జరిగింది. డిసెంబరు మొదటివారానికి సుబ్బరావమ్మ బుల్లయ్య భుజం లేకుండా లేచింది. రెండోవారానికి వంగి చెప్పుకి పట్టీ పెట్టుకుంది. మూడోవారం శిల్ప బోరు దగ్గర నిండు బిందె తనే ఎత్తుకుని, దారిలో కనిపించిన వాళ్ళందరినీ పలకరించి చుట్టుదారిన ఇంటికి వెళ్ళింది. నొప్పి అందరికీ పోలేదు. కొందరికి సగమే తగ్గింది, ఒకరిద్దరికి అదీ లేదు. కానీ ఆ తర్వాత మానేసినవాళ్ళు నలుగురే.

పేరమ్మ సంగతి వేరు. ఆమె పడుకుంటే తల నేలకి ఆనేది కాదు. తలకింద ఎనిమిది మడతలు పెట్టిన పాతచీర ఎత్తుగా పెట్టేవాళ్ళు. రెండువారాలకో మడత, వారానికో మడత చొప్పున డాక్టరమ్మ తీస్తూ వచ్చింది. జనవరి మొదటి మంగళవారం ఒక్క మడతే మిగిలింది. పేరమ్మ తనే దాన్ని లాగి అవతల పడేసింది. తల వెనక్కి వెళ్ళింది. వెళ్ళింది, ఇంకా వెళ్ళింది, పట్టాకి ఆనింది. అందరూ తమ వ్యాయామం ఆపి చుట్టూ చేరారు. ఆమె కళ్ళు విప్పుకుని పైకి చూస్తోంది. పదకొండేళ్ళుగా ఆమె చూసింది నేల, ఎదుటివాళ్ళ కాళ్ళు, తన పాదాల ముందు రెండడుగుల దారి.

"జరగండే అడ్డం" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి తగ్గారు.

చాలాసేపయ్యాక అంది, "ఆకాశం ఇంతుందేంటే."

డాక్టరమ్మ స్కూటీ వైపు తిరిగి బ్యాగులో ఏదో వెతుక్కుంది. సుబ్బరావమ్మ పేరమ్మ పక్కనే పట్టా మీద పడుకుని తనూ పైకి చూసింది. ఎముకలు అరిగిన ముసలి ఒళ్ళు, ఎవరో మందు పోస్తే కాకుండా, తనంతట తనే మడత మడతగా విచ్చుకోవడం కళ్ళతో చూసింది. గుళ్ళో కూడా ఆవిడకి ఎప్పుడూ అలా అనిపించలేదు.

జనవరి ఆఖరు వారం వచ్చింది. మొదటి కోత రోజు పొద్దున బుల్లయ్య బెల్టు తెచ్చి ఇచ్చాడు. "మోటారు పైపు కారుతోందిగా, దానికి చుట్టు" అంది సుబ్బరావమ్మ. అని చేలోకి నడిచింది గానీ, లోపల భయం లేకపోలేదు. కల్లంలో పన్నెండు తూములు వేరు, ఎకరం పొడుగు సాలు వేరు.

మంచు ఆరేదాకా ఆగి ఎనిమిదింటికి దిగారు. చేనంతా పండి ఉంది. కోటిలింగం కొబ్బరికాయ కొట్టి, మొదటి గంప రెండు చేతులతో పట్టుకుని, ఆవిడకి ఇవ్వాలో శిల్పకి ఇవ్వాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు. శిల్ప ఆ గంప తీసుకుని సుబ్బరావమ్మ చేతికి ఇచ్చి రెండో సాలులోకి వెళ్ళింది. పేరమ్మ గట్టు మీద కూర్చుని రంగుపోయిన తాలుకాయ ఏరడానికి వచ్చింది.

సుబ్బరావమ్మ మొదటి సాలు పట్టింది. డాక్టరమ్మ నేర్పినట్టు నడుం విరిచి కాకుండా మోకాళ్ళు సడలించి వంగింది. చేతులు మాత్రం ఏమీ మరిచిపోలేదు. తొడిమ దగ్గర గోరు ఆనడం, కాయ గుప్పిట్లోకి రావడం, గుప్పిడి గంపలోకి పోవడం. వెనక ముఠా చప్పుడు, ఆకుల గలగల, గాజుల చప్పుడు. ఆర్నెల్లు తలుపు వేసుకుని వినకుండా దాక్కున్న చప్పుడు అది. సాలులో మూడోవంతు అయిందో లేదో, ఎడమవైపు బిగుసుకుంది.

ఆవిడ చేతులు ఆగలేదు. ఇంకో నాలుగు చెట్లు కోశాయి. గట్టు మీద కోటిలింగం ఉన్నాడు. అవతల చేలవాళ్ళు కూడా మొదటి సాలు సుబ్బరావమ్మ లేచిందని చూడ్డానికి వచ్చారు. ఓర్చుకుంటే ఆ చివరికి పోగలదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు పోయింది. పక్కకి చూస్తే, ఒక అడుగు వెనక శిల్ప కాళ్ళు కనిపించాయి. కుడికాలి మీంచి ఎడమకాలి మీదకి, ఎడమకాలి మీంచి కుడికాలి మీదకి బరువు మారుతోంది. తలమాత్రం ఎత్తడం లేదు. మేస్త్రి ఎత్తలేదుగా.

సుబ్బరావమ్మ గంప కిందపెట్టి లేచి నిలబడింది.

రెండు చేతులూ నడుం వెనక ఆనించి, వెనక్కి వంగి, ఊపిరి తీసింది. ఎవరూ చూడలేదు. అందరి తలలూ చెట్లలోనే ఉన్నాయి. చూపించి ఊరుకుంటే చాలదని, చెప్పి తీరాలని అప్పుడు తెలిసింది.

"నడుం ఎత్తండే" అని కేకేసింది.

గాజుల చప్పుడు ఆగింది. ఒక్కరూ లేవలేదు. మేస్త్రి ఎవరినో తిడుతోందనుకున్నారు. గట్టు మీంచి పేరమ్మ అరిచింది, "ఎత్తిందే! నిజంగానే నిలబడిందే, చూడండి."

ముందు శిల్ప లేచింది. తర్వాత మూడో సాలు, నాలుగో సాలు. ఎర్రగా పండిన చేలోంచి ఒక్కొక్క తల, ఒక్కొక్క భుజం, ఒక్కొక్క నడుం పైకి వచ్చాయి. ఇరవై ఎనిమిది మంది చేను మధ్యలో నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి ఆనించి, మొహాలు పైకెత్తారు. ఆ ఊరు పుట్టాక అలాంటిది ఎవరూ చూసి ఉండరు.

కోటిలింగం నోట వచ్చిన మాట పాతదే. "ఏంటక్కా, చేను కొలుస్తున్నావా?"

సుబ్బరావమ్మ చుట్టూ తిరిగి చూసింది. తూర్పున కాలవగట్టు, అటుపక్క పత్తిచేలు, మధ్యలో ఇంత ఎరుపు. ఆ చేను ఎన్ని అడుగులో ఆవిడ పాదాలకి ఎప్పుడో తెలుసు.

"అవును కోటిలింగం" అంది. "ముప్పై ఒక్క ఏళ్ళు కోశా. ఎంతుందో ఇవాళే చూశా."

కోటిలింగం తలపాగా తీసి మొహం తుడుచుకుని, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

శిల్ప ఇటే చూస్తోంది. సుబ్బరావమ్మ ఐదు ఊపిరులు లెక్కపెట్టుకుంది, తొందరపడకుండా. బిగువు సడలింది. గంప అందుకుని, అందరికన్నా ముందు తనే వంగింది.